గద్వాలలో నిలిచినది వనపర్తిలోనూ నిలవాలి

చాలా నాళ్ళకు మళ్ళీ ఇటు వచ్చాను. ఈసారి పద్యం లేదు, సమాసచర్చ లేదు. ఒక వాక్యంతో నాకు తగవు ఉన్నది. ఆ వాక్యం ఇది: "నా దగ్గర పనిచేస్తోంది కదండీ!"

తెలుగు కోసం చిన్న చిన్న ఉపకరణాలు తయారుచేసే యువమిత్రులు, వాటిని ఒకసారి వాడిచూసి పొంగిపోయే నావంటి భాషాభిమానులు, ఇరుపక్షాలవారూ ఈ వాక్యాన్ని ప్రమాణంగా చలామణీ చేస్తున్నారు. అది ప్రమాణం కాదని, ఒక ఇంటి ముచ్చట మాత్రమేనని, దాన్ని నమ్ముకున్నందువల్ల నా మిత్రుని కవిత్వంలో కొంత భాగం తిరిగిరాకుండా పోయిందని చెప్పడానికే ఈ టపా. కొంచెం దీర్ఘమైనది. ఓపికగా చదవగలరు.

నేను సాంకేతికుణ్ణి కాను. తెలుగు పండిత శిక్షణ పొంది, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఛందస్సు, సంధులు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఈ టపాకు కావలసిన సాంకేతిక విషయాలను ఇద్దరు పూర్వ విద్యార్థుల దగ్గర కూర్చొని, పలకా బలపం పట్టినట్లుగా నేర్చుకున్నాను. గురువు శిష్యుని దగ్గర నేర్చుకోవడం మన సంప్రదాయానికి కొత్త కాదు.

ముందుగా మాటల సంగతి. ఆంగ్లంలో స్క్రిప్టు అన్న ఒక్క పదానికే రెండర్థాలు. మనం వ్రాసే లిపి ఒకటి. యంత్రానికి పంక్తి వెంట పంక్తిగా ఇచ్చే ఆజ్ఞల పట్టీ రెండవది. ఆ పట్టీని చదివి, అప్పటికప్పుడు అర్థం చెప్పి, పని జరిపించేదాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. దానికి నేను పెట్టుకున్న పేరు వ్యాఖ్యాత. పైథాన్ ఒక వ్యాఖ్యాత, పెర్ల్ మరొక వ్యాఖ్యాత. పైగా ఒక్కొక్క వ్యాఖ్యాతకు ఏటికేడు కొత్త కూర్పులు వస్తుంటాయి. అడుగున విండోస్, లినక్స్, మ్యాక్ వంటి నిర్వహణ వ్యవస్థలు ఉంటాయి. మూలం ఒక్కటే అయినా వ్యాఖ్యాత మారితే అర్థం మారుతుందని కావ్యం చదువుకున్నవారికి చెప్పనక్కరలేదు. చెప్పవలసింది యంత్రాలతో పనిచేసేవారికే.

మా ప్రాంతం సంగతి కూడా ఒక మాట. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనాయి. అంతకు చాలాముందే గద్వాల, వనపర్తి పేర్లు పండితలోకానికి సంస్థానాలుగా తెలుసు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న బిరుదే ఉండేది. తిరుపతి వేంకట కవులంతటివారు ఈ సంస్థానాలకు వచ్చి తమ విద్య చూపినవారే. ఆనాటి కవికి ఒక సంస్థానంలో శాలువా దొరికితే సరిపోయేది కాదు. ఇక్కడి పండితుడు యతి పట్టుకుంటాడు, అక్కడి పండితుడు వ్యాకరణం పట్టుకుంటాడు, మరొకచోట అలంకారశాస్త్రం తెలిసినవాడు కాచుకొని కూర్చుంటాడు. అన్నిచోట్లా నిలిచిన పద్యమే పద్యం. "మా ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు" అంటే సభ నవ్వేది. నేటి ఉపకరణకర్తలు మాత్రం సరిగ్గా ఆ మాటే అంటున్నారు, మనం నవ్వడం మాని చప్పట్లు కొడుతున్నాం.

*

ఇక జరిగిన కథ. పేర్లు చెప్పను, అవసరం లేదు.

నాతోపాటు పనిచేసిన ఒక పండిత మిత్రుడు నాగర్‌కర్నూలు వైపు స్థిరపడ్డారు. నూట ఎనిమిది పద్యాల శతకం ఒకటి వ్రాశారు. మొదటి అరవై ఏడు నోటుపుస్తకంలో ఉన్నాయి. తక్కిన నలభై ఒకటీ ఆయన భార్య గతించిన తరువాత వ్రాసినవి. అప్పటికి మీటలు నొక్కడం అలవాటై, నేరుగా కంప్యూటరులోనే వ్రాశారు. కాగితం మీద వాటి జాడ లేదు. 2020లో ఆయన కూడా వెళ్ళిపోయారు. శతకాన్ని పుస్తకంగా తేవాలని మరుసటి ఏడు ఆయన అల్లుడూ నేనూ అనుకున్నాం.

పద్యాలకు వరుస సంఖ్యలు వేసి, చివర అకారాది సూచిక కూర్చడానికి వనపర్తిలో ఉండే నా పూర్వ విద్యార్థి ఒకడు పైథాన్‌లో ఇరవై ముప్పై పంక్తుల పట్టీ వ్రాసి ఇచ్చాడు. అతని కంప్యూటరులో ఉబుంటు లినక్స్. అక్కడ ముత్యంలా నడిచింది. దాన్ని నాగర్‌కర్నూలుకు పంపాము. అక్కడిది విండోస్ 10. నడిపీ నడపగానే ఏదో దోషమని ఆగిపోయింది. అల్లుడు ఫోను చేస్తే, మావాడి సమాధానం: "అన్నా, నా దగ్గర మంచిగనే నడుస్తున్నది. దోషాలు వస్తే పట్టించుకోవద్దని ఒక మాట చేర్చు, అయిపోతది." చేర్చారు. దోషం రాలేదు. పని పూర్తయిందని యంత్రం చెప్పింది. ఫలితాన్ని అదే ఫైలు మీద వ్రాసేసింది.

ఆ ఫైలు గద్వాలలో నా దగ్గరకు వచ్చేసరికి తెలుగు లేదు. తలమీద వాలుగీత ఉన్న ఆంగ్ల 'ఎ'లు, ఉష్ణోగ్రతకు పెట్టే చిన్న సున్నలు, వాటి మధ్య ఏవేవో గుర్తులు. తొలినాళ్ళ నుండి బ్లాగుతున్నవారు ఈ దర్శనం ఎప్పుడో ఒకప్పుడు చేసుకొనే ఉంటారు. మరొక విద్యార్థి దాన్ని 'బాగుచేసే' పట్టీ పంపాడు. అందులోనూ దోషాలను పట్టించుకోవద్దన్న మాటే. నడిపాను. తెలుగు తిరిగి వచ్చింది! ఆ సాయంత్రం నా ఆనందానికి మేర లేదు. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, వచ్చింది తెలుగు కాదు, తెలగ అని.

అక్షరాలా తెలగ. 'తెలుగు' అన్న మాట 'తెలగ' అయింది. కృష్ణుడు 'కృషణడ' అయ్యాడు. జోగులాంబ 'జోగలాంబ'. మా మూడు ఊళ్ళూ 'గదవాల', 'వనపరతి', 'నాగరకరనూల'. విచిత్రమేమంటే 'రామ' క్షేమంగా ఉన్నాడు, 'సీత' క్షేమంగా ఉన్నది.

కారణం తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. యూనికోడ్‌లో ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని యుటిఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లుగా నిలువ చేస్తారు. ఉబుంటులో పైథాన్ ఏ ఫైలునైనా యుటిఎఫ్-8 అనుకొని తెరుస్తుంది. విండోస్‌లో అలా కాదు. ఆ యంత్రపు ప్రాంతీయ అమరికలో ఉన్న పాత సంకేతపట్టికను పట్టుకుంటుంది. మన దేశపు ఆంగ్ల అమరికలో అది విండోస్-1252, అంటే పశ్చిమ ఐరోపా అక్షరాల పట్టిక. తెలుగుకు అటువంటి పాత పట్టిక విండోస్‌లో ఏనాడూ లేదు. 1252లో 256 గదులుంటే వాటిలో అయిదు ఖాళీ. ఏ బైటు ఆ ఖాళీ గదిలో పడితే అక్కడ పైథాన్ దోషమని ఆగుతుంది. "పట్టించుకోవద్దు" అంటే ఆ బైటును పారవేసి ముందుకు పోతుంది.

ఆ అయిదు ఖాళీ గదుల్లో పడే మన అక్షరాలేవో లెక్కవేసి చూశాము. అరసున్న, ఏ, ఐ, ఝ, కొమ్ము, పొల్లు. చూశారా! కొమ్ము లేని తెలుగు వాక్యం ఎక్కడైనా ఉంటుందా? పొల్లు లేనిదే ఒక్క ఒత్తైనా పడుతుందా? 'రామ'లో, 'సీత'లో ఇవేవీ లేవు గనుక వారు బయటపడ్డారు. "రామ అని కొట్టి చూశానండీ, సరిగ్గానే వచ్చింది" అన్నవాని పరీక్ష ఎంత విలువైనదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మళ్ళీ పద్యాలను కూర్చడానికి నాకు అన్నం పెట్టిన ఛందస్సే ఆదుకొన్నది. 'తెలగ' అన్నచోట మూడు లఘువులు పడవలసి ఉంటే అది 'తెలుగు'. గురువు, లఘువు పడవలసి ఉంటే అది 'తెల్గు'. యంత్రం రెంటినీ ఒకటి చేసింది, గణం మళ్ళీ విడదీసింది. ఇలా నలభై ఒక్క పద్యాల్లో ముప్పై రెండు పూర్తిగా నిలబడ్డాయి. తొమ్మిదింటిలో మాత్రం ఛందస్సు చేతులెత్తేసింది. అరసున్న గణాన్ని మార్చదు గదా! ఒక పద్యంలో, భార్య పోయిన తరువాతి రోజులను చెప్పేచోట, 'డ రాతరల' అని మిగిలింది. అది 'ఏడు రాత్రులు' కావచ్చు, 'ఏఁడు రాత్రులు' కావచ్చు. మొదటిది ఏడు సంఖ్య, రెండవది సంవత్సరం. ఆయన నిద్రలేక గడిపినవి ఏడు రాత్రులా, ఏడాది పొడుగునా ఉన్న రాత్రులా? గణాలు రెంటికీ సరే అంటాయి. అడగడానికి ఆయన లేరు. పుస్తకంలో ఆ చోట చుక్కలు పెట్టాము.

వనపర్తి శిష్యుణ్ణి నేను తిట్టలేదు. సూచన అతనిదే అయినా, నకలు తీయకుండా ఉన్న ఒక్క ప్రతినీ యంత్రం చేతికి ఇచ్చిన తప్పు మాది. ఆ 'బాగుచేత'కు మురిసిపోయిన తప్పు నాది. అయితే ఆ ఒక్క వాక్యం, "నా దగ్గర మంచిగనే నడుస్తున్నది", అది మాత్రం అందరిదీ.

*

ఇది విండోస్ ఒక్కదాని దోషమని మ్యాక్ మిత్రులు, లినక్స్ మిత్రులు సంబరపడవద్దు.

మ్యాక్ యంత్రాల్లో 2017 వరకు వాడుకలో ఉన్న పాత ఫైలు వ్యవస్థ ఫైలు పేర్లను విడదీసి దాచుకొనేది. తెలుగులో ఆ విడదీతకు లొంగేది ఒక్క ఐత్వమే. యూనికోడ్ లెక్కలో 'ై' అంటే ఎత్వం, దాని కింద ఐత్వపు తోక, రెండు ముక్కలు. 'శైలి' అని మీరు ఫైలుకు పేరు పెడితే ఆ యంత్రం శకారానికి ఎత్వాన్నీ తోకనూ వేరువేరుగా దాచేది. కంటికి తేడా కనబడదు. లినక్స్‌లో వ్రాసిన పట్టీ పేరును అక్షరం వెంట అక్షరంగా పోల్చిచూసి "అటువంటి ఫైలు లేదు" అంటుంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటే మనకు మతిపోతుంది.

లినక్స్‌లో అకారాది క్రమం ఇంకో కథ. సంకేతసంఖ్యల వరుసలో ర తరువాత ఱ, ల తరువాత ళ, ఆపైన వ వస్తాయి. మనం ఓనమాలలో చెప్పుకొనే వరుసలో ళ, ఱలు చివరికి పోతాయి. ఏ వరుస పాటించాలో యంత్రపు ప్రాంతీయ అమరిక చెబుతుంది. ఆ అమరికల మూలపట్టిక కూడా 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.28తో మారింది. ఒకే పట్టీ, ఒకే ఫైలు, రెండు లినక్స్‌లు, రెండు సూచికలు.

ఇక వ్యాఖ్యాతల మధ్య భేదాలు చూడండి. 'తెలుగు' అన్న మాటలో ఎన్ని అక్షరాలని ఒకటవ తరగతి పిల్లవాణ్ణి అడగండి, మూడంటాడు. పైథాన్ 3ను అడగండి, ఆరంటుంది. గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది. అదే మాటను యుటిఎఫ్-8 ఫైలులో మామూలుగా వ్రాసి పైథాన్ 2ను అడిగితే పద్దెనిమిది అనేది. అది బైట్లను లెక్కపెట్టేది. మూడు సమాధానాలూ వాటి వాటి లెక్కలో సరైనవే. ఏది అడుగుతున్నామో తెలియకుండా అడగడమే తప్పు.

పదాలను ఏరే పనికి అన్ని వ్యాఖ్యాతల్లోనూ ఒక సంక్షిప్త గుర్తు ఉన్నది: వెనుకవాలు గీత పక్కన ఆంగ్ల డబ్ల్యు. 'పదంలో వచ్చే అక్షరం' అని దాని అర్థం. యూనికోడ్ వాక్యంగా ఇస్తే పెర్ల్ 'తెలుగు'ను ఒక్క పదంగా పట్టుకుంటుంది. పైథాన్‌కు దాని సహజ పరికరంతో గుణింతపు గుర్తులు పదంలో భాగం కావు. త, ల, గ అని మూడు తునకలు చేస్తుంది. జావాస్క్రిప్టుకు ఆ గుర్తు ఆంగ్ల అక్షరాలకే పరిమితం. తెలుగులో దానికి ఒక్క పదమూ కనబడదు. మూలం ఒక్కటే, ముగ్గురు వ్యాఖ్యాతలు, మూడు వ్యాఖ్యలు. ఇక నిఘంటు పదజాలం లెక్కవేసే ఉపకరణాలను ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి.

ఒకే వ్యాఖ్యాత రెండు కూర్పుల మధ్య కూడా భేదం ఉంటుంది. పాత గ్రంథాల్లో కనబడే నకారపొల్లుకు యూనికోడ్‌లో సొంత స్థానం 2021లో, 14వ కూర్పుతో దక్కింది. పైథాన్ 3.10 తన వెంట 13వ కూర్పు పట్టికలను తెచ్చుకుంటుంది, 3.11 మాత్రం 14వ కూర్పువి. "ఇది అక్షరమేనా?" అని నకారపొల్లును చూపిస్తే 3.10 కాదంటుంది, 3.11 అవునంటుంది. ఒక పాత కావ్యాన్ని శుద్ధప్రతిగా ఎక్కిస్తూ 'అక్షరాలు కానివాటిని తీసివేయి' అన్న పట్టీని పాత కూర్పులో నడిపితే, నకారపొల్లులన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. చప్పుడు కూడా కాదు.

సంయుక్తాక్షరాల మాట కూడా వినండి. చదివేవాడు ఒక్కటిగా చూసేదాన్ని ఎక్కడ విడదీయాలన్న నియమాన్ని యూనికోడ్ 2023లో 15.1 కూర్పుతో మార్చింది. అంతకుముందు 'క్ష' అంటే పొల్లుతో కూడిన 'క్', దాని పక్కన 'ష', రెండు తునకలు. ఆ తరువాత తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు అది ఒక్కటే. ఈ లెక్కను నమ్ముకొని గణవిభజన చేసే ఉపకరణం నిన్న ఒక మాట, నేడు ఒక మాట చెబుతుంది. పద్యం మారలేదు, కవి మారలేదు, ఛందోదోషం మాత్రం కొత్తగా పుట్టుకొస్తుంది!

ఇదంతా మనవంటి చిన్నవారి అజాగ్రత్త అనుకొనేవారికి ఒక జ్ఞాపకం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం వల్ల లోకంలో ఎన్నో ఐఫోన్లలో సందేశాలు తెరిచే అప్లికేషన్లు కుప్పకూలిపోయాయి. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉండటమే దానికి నిమిత్తం. 11.2.5 కూర్పులో ఉన్న ఆ లోపాన్ని అదే నెల 19న 11.2.6తో సరిదిద్దారు. అంతటి సంపన్న సంస్థ పరీక్షల్లోనూ ఈ అక్షరక్రమానికి చోటు దొరకలేదన్నమాట. వార్తల్లో మాత్రం ఏం వ్రాశారు? తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని! పరీక్షించనివాడిది తప్పు, నింద అక్షరానిది.

*

ఇప్పుడు ఆక్షేపణలకు వస్తాను. ఇవన్నీ నా చెవినపడినవే.

మొదటిది: "ఉచితంగా ఇస్తున్నాం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెడతారా?" లేఖిని, పద్మ వంటివాటిని ఉచితంగా ఇచ్చిన మహానుభావుల వల్లనే నావంటివాడు అంతర్జాలంలో తెలుగు వ్రాయగలిగాడు. వారికి నా నమస్కారం ఎప్పుడూ ఉంటుంది. కానీ దానమిచ్చే ఆవు తంతుందో లేదో చెప్పడం దాత ధర్మం. పళ్ళు నేను లెక్కపెట్టను. తన్నే కాలు ఏదో మీరు చెప్పండి చాలు.

రెండవది: "పాత యంత్రాలు, పాత కూర్పులు మాకెందుకు? కొత్తవి వేసుకోండి." ఈ మాట మహానగరాల్లో కూర్చున్నవారికి తేలిక. మా పక్క గ్రామాల బడుల్లో, జిరాక్సు దుకాణాల్లో ఏ యంత్రం ఉంటే అదే యంత్రం. పైగా కొత్తది వేసుకున్నా తిప్పలు తప్పవు. పైథాన్ 2 పోషణ 2020 జనవరి 1తో ముగిసింది. 2022లో మ్యాక్ 12.3 దాన్ని యంత్రంలోంచే తీసివేసింది. దానికోసం వ్రాసిన పట్టీలు ఆనాటి నుండి అనాథలే. ఫైర్‌ఫాక్స్ 57 వచ్చిన 2017 నవంబరులో పాత పద్ధతి పొడిగింపులన్నీ ఒక్కసారిగా మూలపడ్డాయి. వెనక్కు చూడనివానికి ముందుచూపు కూడా ఉండదు.

మూడవది: "లోకమే సర్దుకుంటోంది గదా." నిజమే. జావా 18 నుండి, అంటే 2022 నుండి, ఏ వ్యవస్థలోనైనా యుటిఎఫ్-8నే మొదటగా తీసుకుంటున్నారు. పైథాన్ కూడా 3.15 నుండి అలాగే చేయాలని నిర్ణయించుకుంది. సంతోషం. అంటే ఇన్నాళ్ళూ తప్పు ఉన్నదని పెద్దలే ఒప్పుకున్నట్లు. కానీ నా మిత్రుని అరసున్నలు 3.15 కోసం ఆగలేదు.

నాల్గవది: "మా దగ్గర ఒక్క యంత్రమే ఉన్నది, అన్నిటి మీదా ఎలా పరీక్షిస్తాం?" ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం మన ప్రాచీనులు ఇచ్చారు. బ్రౌను దొర తెలుగు కావ్యాలను అచ్చుకు సిద్ధం చేయించినప్పుడు ఒక్క తాళపత్రప్రతిని నమ్ముకోలేదు. ఊరూరి ప్రతులు తెప్పించి, పండితులచేత పక్కపక్కన పెట్టి చదివించి, పాఠభేదాలు గుర్తింపజేశాడు. ప్రతులన్నీ ఆయన ఇంట్లో పుట్టలేదు. మీకూ మిత్రులున్నారు. గద్వాలలో ఒకరు, వనపర్తిలో ఒకరు, నాగర్‌కర్నూలులో ఒకరు. పట్టీని వారికి పంపండి, ఫలితాన్ని తెప్పించుకొని పక్కపక్కన పెట్టి చూడండి. ఇది ఒక సాయంత్రపు పని.

*

విమర్శించి ఊరుకోవడం పండితుల జబ్బు అంటారు. అందుకని ఉపకరణకర్తలను నేను కోరేవి కూడా వ్రాస్తున్నాను.

1. ఫైలు తెరిచే ప్రతిచోటా, వ్రాసే ప్రతిచోటా యుటిఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. యంత్రం ఊహకు వదలకండి. ఆ ఒక్క మాట ఉండి ఉంటే నాగర్‌కర్నూలులో దోషమే వచ్చేది కాదు.

2. "దోషాలను పట్టించుకోవద్దు" అన్న ఆజ్ఞను తెలుగు ఫైళ్ళ మీద ప్రయోగించకండి. దోషం చూపి ఆగిపోయిన యంత్రం మీకు మేలు చేసింది. నోరు మూయించితే చేతులు తప్పు చేస్తాయి.

3. మూలప్రతి మీద వ్రాయకండి. ఫలితం ఎప్పుడూ వేరే ఫైలులోకి పోవాలి.

4. 'రామ' అని కొట్టి పరీక్ష అయిందనకండి. కష్టమైన అక్షరాలన్నీ ఉన్న వాక్యం పెట్టుకోండి. నేనొకటి కూర్చాను: "ఏఁడు గడచిన పిదప జ్ఞానేశ్వరుఁడు ఐదు ఝరులు దాటి క్షేమముగా నాగర్‌కర్నూలు చేరి, వైశాఖమున కంఠమెత్తిన ఆబోతు ఱంకె వినెన్." అర్థానికి నవ్వుకోండి, ఫరవాలేదు. దీన్ని చదివి, వ్రాసి, మళ్ళీ చదివినప్పుడు ఒక్క సంకేతమూ మారకూడదు.

5. ఉపకరణంతోపాటు ఒక చీటీ పెట్టండి: ఏయే వ్యవస్థల మీద, వ్యాఖ్యాత ఏయే కూర్పులతో, ఏ నెలలో నడిపి చూశారో. నడపనివి కూడా చెప్పండి. పూర్వపు లేఖకులు ప్రతి చివర తమ పేరు, కాలం వ్రాసి, తప్పులుంటే మన్నించమని వేడుకొనేవారు. ఆపాటి వినయం మనకూ ఉండాలి.

ఇక మనవంటి వాడుకరులకు ఒక్క మాట. ఎవరైనా కొత్త ఉపకరణం ఇచ్చారని తెలియగానే "భేష్, అద్భుతం" అని వ్యాఖ్య వ్రాసి పోతున్నాం. ఇకమీదట "మా ఊళ్ళో, ఫలానా యంత్రం మీద నడిపి చూశాను, ఇలా వచ్చింది" అని వ్రాద్దాం. ఆ వ్యాఖ్య వంద భేషుల పెట్టు.

సురవరం ప్రతాపరెడ్డిగారిది మా ప్రాంతమే. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ఆయన అచ్చువేయించారు. ఆ పుస్తకాన్ని గద్వాలలో విప్పినా, వనపర్తిలో విప్పినా, అమెరికాలో విప్పినా అవే అక్షరాలు, అదే అరసున్న. తొంభై ఏళ్ళనాటి కాగితం నిలుపుకున్న మాటను నిన్నటి యంత్రం నిలుపుకోలేకపోతే, ఆ సిగ్గు యంత్రానిది కాదు.

మా మిత్రుని శతకం అచ్చైంది. అందులో తొమ్మిది పద్యాల్లో చుక్కలున్నాయి. చదివినవారు అది కవి ఉద్దేశించిన మౌనమేమో అనుకుంటున్నారు. కాదు. అక్కడ అక్షరాలుండేవి.

ఈసారి ఎవరైనా మీతో "నా దగ్గర పనిచేస్తోంది" అంటే, "సంతోషం నాయనా, మరి వనపర్తిలోనో?" అని అడగండి.

సెలవు.